యంత్రములకు తాళము – పనివారికి రక్షణ

సాయంకాలము బండి తోలుకొని ఇంటికి చేరిన రైతు ఏమి చేయును? ఎడ్లను విప్పును, కాడిని నేలకు దించును, వాకిలి వాలుగా ఉన్నచో చక్రము క్రింద ఒక రాయి పెట్టును. "బండి ఆగియే ఉన్నది గదా, రాయి ఎందుకు?" అని ఎవరును అడుగరు. ఆగిన బండి కదలవచ్చుననియు, చక్రముల చుట్టు పిల్లలు ఆడుకొందురనియు అందరికి తెలిసినదే.

రైతు సోదరులారా! ఆ బండి స్థానమున నేడు మన ఇండ్లకు ట్రాక్టరు, నూర్పిడి యంత్రము, వరికోత మిషను, బోరు మోటారు వచ్చినవి. ఊరి ప్రక్కన రైసు మిల్లులు లేచినవి. కాని చక్రము క్రింద రాయి పెట్టు అలవాటు మాత్రము బండితోనే పోయినది. స్విచ్చి తీసితిమి, ఇంజను ఆపితిమి, ఇక భయము లేదనుకొని చేయి లోపల పెట్టుచున్నాము.

ఈ వ్యాసములో చెప్పదలచినది ఒక్కటే. యంత్రమును ఆపుట వేరు. అది మరల కదలకుండ కట్టడి చేయుట వేరు. ఆపుట పనివాని చేతిలో ఉన్నది. కట్టడి చేయుటకు తగిన ఏర్పాటు యజమాని చేతిలో ఉన్నది. కనుక మిల్లు యజమానులు, మేనేజర్లు, సహకార సంఘముల కార్యదర్శులు, యంత్రములను బాడుగకు త్రిప్పువారు, ఇద్దరు ముగ్గురు కూలీలనైనను యంత్రముపై పెట్టుకొను రైతులు దీనిని శ్రద్ధగా చదువ ప్రార్థన.

నేను చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పొలమున విద్యార్థులకు మొక్కజొన్న నూర్పిడి చూపుచుంటిని. పచ్చి కంకులు పడి యంత్రము బిగిసినది. వెంటనే మోటారు ఆపితిమి. ఒక పనివాడు వెనుక వైపు మూత తీసి లోపలి చెత్తను లాగుచుండెను. మరియొకడు ముందు వైపున కంకులు తొలగించుచుండెను. స్టార్టరు షెడ్డు గోడకు అవతల ఉండెను. నేను అక్కడ నిలిచియుంటిని.

"అయిపోయింది సార్, ఎయ్యండి!" అని ముందున్నవాడు కేక వేసెను. అతడు చెప్పినది తన వైపు పని సంగతి. నేను మొత్తము పని అయినదనుకొని స్టార్టరు నొక్కితిని. వెనుకనున్నవాని కుడిచేతి వ్రేళ్లు రెండు పోయినవి.

"వానిదే అజాగ్రత్త" అని ఆనాడు పలువురు అనిరి. నా మనస్సు దానికి ఒప్పుకొనలేదు. అతడు తిరుగుచున్న యంత్రములో చేయి పెట్టలేదు. ఆగిన యంత్రములోనే పెట్టెను. నాకు అతడు కనబడలేదు, అతనికి నేను కనబడలేదు. మా ఇద్దరి నడుమ ఉన్నది ఒక కేక మాత్రమే. ఆ స్విచ్చి పెట్టెకు ఒక తాళముకప్ప వేసియుండి, దాని చెవి అతని మొలత్రాటికి కట్టియున్నచో, నేనెంత తొందరపడినను యంత్రము కదలియుండెడిది కాదు. ఆ తాళము ఏర్పాటు చేయవలసినవాడను నేనే. ఈ సంగతిని అప్పటినుండి ప్రతి తరగతిలోను చెప్పుచున్నాను. ఇప్పుడు మీకును చెప్పుచున్నాను.

ఆగిన యంత్రములో దాగియుండు శక్తి

యంత్రము ఆగినను దానిలో శక్తి పలు రూపములలో దాగియుండును. మీ వద్దనున్న ప్రతి యంత్రమునందును ఈ క్రింది వానిలో ఏవేవి ఉన్నవో ముందుగా లెక్క చూచుకొనవలెను.

(1) కరెంటు: మెయిన్ స్విచ్చి తీసినను దానిలోనికి వచ్చు తీగలలో కరెంటు ఉండును. మోటారుకు అమర్చిన కెపాసిటరులో స్విచ్చి తీసిన తరువాతను కొంతసేపు కరెంటు నిలువయుండును.

(2) తిరుగుడు వేగము: గడ్డి కోయు యంత్రపు బరువు చక్రము, నూర్పిడి డ్రమ్ము స్విచ్చి తీసిన వెంటనే ఆగవు. చప్పుడు తగ్గినంత మాత్రాన కత్తి ఆగినట్లు కాదు.

(3) ఎత్తిన బరువు: ట్రాక్టరు వెనుక లేపి ఉంచిన రోటవేటరు, పైకెత్తిన ట్రక్కు తొట్టి, ధాన్యముతో నిండిన ఎలివేటరు బకెట్లు ఎప్పుడైనను క్రిందికి రావచ్చును.

(4) ఒత్తిడి: హైడ్రాలిక్ గొట్టములలోని నూనె, బాయిలరు ఆవిరి, కంప్రెసరు గాలి ఇంజను ఆగినను గొట్టములలో బిగిసియుండును.

(5) బిగువు: లాగిన స్ప్రింగు, బిగిసిన బెల్టు, గడ్డి చుట్టుకొని అడ్డుపడిన షాఫ్టు. అడ్డు తీసిన మరుక్షణమే ఇవి విసురుగా తిరుగును.

(6) ధాన్యపు రాశి: తొట్టి అడుగునుండి ధాన్యము జారుచుండగా పైన నిలిచిన మనిషి దానితోపాటు లోపలికి దిగబడును.

ఈ ఆరింటిలో స్విచ్చి ఆపగలిగినది మొదటిదానిని మాత్రమే. అదియును పూర్తిగా కాదు.

కట్టడి చేయు విధానము

మరమ్మతుకు గాని, శుభ్రము చేయుటకు గాని, అడ్డుపడినది తీయుటకు గాని యంత్రములో చేయి పెట్టుటకు ముందు ఈ ఎనిమిది మెట్లు వరుస తప్పకుండ అనుసరింపవలెను.

1. తెలుపుట: యంత్రము చుట్టునున్న వారందరికిని పని ఆపుచున్నామని చెప్పవలెను. ఎవరు లోపల చేయి పెట్టుచున్నారో అందరికి తెలియవలెను.

2. ఆపుట: ఎప్పటివలె స్టార్టరు నొక్కి, లేక ఇంజను ఆపి నిలుపవలెను.

3. విడదీయుట: శక్తి వచ్చు దారిని త్రెంచవలెను. మోటారైనచో మెయిన్ స్విచ్చి తీసి, ఆ తరువాత ఫ్యూజులు మూడును ఊడదీయవలెను. ట్రాక్టరైనచో తాళపుచెవి తీసి, పి.టి.ఓ. షాఫ్టును విడదీయవలెను. ఆవిరియైనచో వాల్వు మూయవలెను.

4. తాళము వేయుట: మెయిన్ స్విచ్చి పెట్టెకు తాళముకప్ప వేసి, చేయి పెట్టువాడే దాని చెవిని తనవద్ద ఉంచుకొనవలెను. ఊడదీసిన ఫ్యూజులు కూడ అతని జేబులోనే ఉండవలెను. తాళమునకు ఒక అట్ట ముక్క కట్టి, దానిపై తన పేరు, వేళ, "మనిషి పనిలో ఉన్నాడు – వేయరాదు" అను మాట వ్రాయవలెను. చదువురాని వారికొరకు చేతి బొమ్మ వేసిన ఎఱ్ఱ అట్ట మేలు.

5. దాగిన శక్తిని విడుచుట: తిరుగు చక్రము పూర్తిగా ఆగువరకు వేచియుండవలెను. ఎత్తిన బరువును నేలకు దించవలెను. దించుటకు వీలులేనిచో గట్టి ఆధారము పెట్టవలెను. ఒత్తిడిని వదలవలెను. కెపాసిటరు ఉన్నచో ఐదు నిమిషములైనను ఆగవలెను.

6. పరీక్షించుట: స్టార్టరు నొక్కి చూడవలెను. కదలనిచో మరల ఆపు స్థితిలోనే ఉంచవలెను. కరెంటు పనియైనచో ముందుగా టెస్టరును కరెంటు ఉన్న చోట పెట్టి అది వెలుగుచున్నదని నిశ్చయించుకొని, తరువాత పనిచేయు చోట పెట్టి చూచి, మరల ఉన్న చోట చూడవలెను. చెడిపోయిన టెస్టరు కూడ "కరెంటు లేదు" అనియే చెప్పును.

7. పని చేయుట.

8. తిరిగి నడుపుట: పనిముట్లు లెక్కించి, మూతలు బిగించి, మనుషులందరిని ఎదుట నిలిపి లెక్క చూచిన పిమ్మట ఎవరి తాళమును వారే తీయవలెను. ఆ తరువాతనే స్టార్టరు వద్దకు పోవలెను.

ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేయునపుడు ఒక్క తాళము చాలదు. ఎందరి చేతులు లోపల ఉన్నవో అన్ని తాళములు పడవలెను. పలు తాళములను పట్టు ఇనుప కొక్కెములు బజారులో దొరకును. చివరి మనిషి తన తాళము తీయువరకు యంత్రము నడువదు. చీటీ మాత్రమే కట్టి తాళము మానుట తగదు. చీటీ హెచ్చరిక చేయును గాని, స్విచ్చి వేయు చేతిని ఆపలేదు.

కరెంటు లైను మీద పనిచేయువారు సబ్‌స్టేషను నుండి "లైన్ క్లియర్" తీసుకొనుట మీలో పలువురు చూచియుందురు. లైను ఎక్కినవాడు దిగి తిరిగి చెప్పువరకు కరెంటు ఇవ్వరాదనుట అందలి నియమము. మన యంత్రములకును అదే న్యాయము.

బోరు మోటారు

మన ప్రాంతములలో అన్నిటికంటె ఎక్కువగా మోసపుచ్చునది బోరు మోటారు. కరెంటు ఎప్పుడు పోవునో, ఎప్పుడు వచ్చునో తెలియని రోజులలో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకొనిరి. కరెంటు రాగానే మనిషి లేకుండనే మోటారు నడచును. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఆరంభించిరి. అప్పుడు ప్రభుత్వము ఆటో స్టార్టర్లను తొలగింపుమని రైతులను కోరెను. భూగర్భ జలము ఆదా కావలెనన్నది అందుకు కారణము. కాని ప్రాణ రక్షణకును ఆ మాట వర్తించును. కరెంటు పోయినదని స్టార్టరు విప్పి కూర్చున్న రైతుకు, అది మరల వచ్చునపుడు ముందుగా చెప్పువారెవరు?

ఇటీవల సెల్‌ఫోనుతో నడుచు స్టార్టర్లు వచ్చినవి. ఇవి సౌకర్యమే. కాని తండ్రి బోరు వద్ద తీగలు బిగించుచుండగా, ఆ సంగతి తెలియక ఇంటినుండి కుమారుడు ఫోనులో మోటారు వేయవచ్చును. కనుక బోరు వద్ద ఏ పనికైనను మెయిన్ స్విచ్చి తీసి, ఫ్యూజులు జేబులో వేసికొని, పెట్టెకు తాళము వేయనిదే తీగ ముట్టరాదు. మోటారు పైకి లాగుటకు వచ్చు ముఠావారికి ఈ తాళమును యజమానియే చూపి, చెవిని వారి మేస్త్రీ చేతికి ఇవ్వవలెను.

సోలారు పంపు ఉన్నవారు మరియొక సంగతి గమనింపవలెను. లైను కరెంటుతో దానికి సంబంధము లేదు. పలకలపై ఎండ పడుచున్నంతసేపు వాని తీగలలో కరెంటు ఉండును. పలకలనుండి వచ్చు తీగలకున్న స్విచ్చిని తీసి, దానికే తాళము వేయవలెను.

ట్రాన్స్‌ఫార్మరు మీది ఫ్యూజులను రైతులు తామే వేసికొనుట చాల గ్రామములలో చూచుచున్నాము. ఇది ఎంత మాత్రము కూడదు. ఏబీ స్విచ్చి దించినను ఒక్కొక్కప్పుడు ఒక ఫేజు కత్తి విడివడక అంటుకొనియే ఉండును. ఎవరింటి జనరేటరు కరెంటో తిరుగు దారిలో రావచ్చును. ఒక మడి ఎండినను మరల నాటుకొనవచ్చును. ఈ పనిని విద్యుత్ శాఖ సిబ్బందికే విడువవలెను.

ట్రాక్టరు, పనిముట్లు

పి.టి.ఓ. షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు తిరుగును. అనగా సెకనుకు 9 చుట్లు. 20 సెంటీమీటర్ల చుట్టుకొలత గల షాఫ్టు ఒక్క సెకనులో 180 సెంటీమీటర్ల గుడ్డను చుట్టుకొనును. పంచె కొంగు గాని, చీర చెరగు గాని చిక్కినచో కేక వేయుటకు కూడ వ్యవధి ఉండదు. అందుచేత షాఫ్టుపై కప్పు ఎల్లప్పుడు ఉండవలెను. రోటవేటరు కత్తులలో గడ్డి చుట్టుకొన్నపుడు ఇంజను ఆపి, చెవి తీసి జేబులో వేసికొని, రోటవేటరును నేలకు దించి, అప్పుడు దిగవలెను. కత్తులు మార్చుటకు దానిని లేపియే ఉంచవలసి వచ్చినచో గట్టి దిమ్మెలు పెట్టవలెను. ఇంజను ఆపియున్నను, ఎవరైనను మీట తగిలించినచో రోటవేటరు క్రిందపడును.

ఎత్తిన ట్రక్కు తొట్టి క్రింద ఇనుప ఊత పెట్టక దూరరాదు. హైడ్రాలిక్ గొట్టము కారుచున్నచో వ్రేలితో తడిమి వెదకరాదు. సూదిమొన వంటి రంధ్రము గుండ వచ్చు నూనె చర్మమును చీల్చి లోపలికి పోవును. అట్ట ముక్కతో చూడవలెను. అట్లు నూనె లోపలికి దిగినచో నొప్పి లేకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

వరికోత మిషను ముందు భాగమును ఎత్తి దాని క్రింద పనిచేయునపుడు, అది పడకుండ ఆపు ఇనుప గొళ్లెమును వేసిన తరువాతనే దూరవలెను. డ్రైవరు సీటులో ఉండగా మరియొకడు గడ్డి లాగుట మహా ప్రమాదము. డ్రైవరు చెవితో సహా క్రిందికి దిగవలెను.

రైసు మిల్లు

మిల్లులో ఒక యంత్రమునకు మరియొకటి తోడై ఉండును. ఎలివేటరు బిగిసినదని దాని మోటారు మాత్రము ఆపినచో, వెనుకటి యంత్రము ధాన్యమును పంపుచునే ఉండవచ్చును. నిండిన బకెట్లు గల బెల్టు వెనుకకు తిరిగి చేతిని లాగవచ్చును. కావున బెల్టును కదలకుండ కట్టి, అడుగు తలుపు తెరచి ధాన్యమును ఖాళీ చేసిన పిమ్మట పని మొదలుపెట్టవలెను.

ఉప్పుడు బియ్యపు మిల్లులలో ఆవిరి గొట్టము విప్పుటకు ముందు వాల్వు మూసి, దాని చక్రమునకు గొలుసు చుట్టి తాళము వేయవలెను. తరువాత క్రింది చిన్న కుళాయి తెరచి మిగిలిన ఆవిరిని వదలి, గొట్టము చల్లారువరకు ఆగవలెను. ధాన్యపు తొట్టిలో మనిషిని దింపుటకు ముందు అడుగు తలుపు మూసి తాళము వేయవలెను. నడుముకు త్రాడు కట్టి, పైన ఒక మనిషి దానిని పట్టుకొని ఉండవలెను.

యజమాని, మేనేజరు చేయవలసిన ఏర్పాట్లు

"జాగ్రత్తగా ఉండండి" అని పనివారికి చెప్పి ఊరకుండుట ఏర్పాటు కాదు. ఈ క్రింది పనులు మేనేజరు తానే చేయవలెను.

మొదట, యంత్రములన్నిటికిని పట్టిక వ్రాయవలెను. ప్రతిదానికి శక్తి ఎక్కడెక్కడినుండి వచ్చుచున్నదో, దేనిని ఎక్కడ ఆపవలెనో, ఎక్కడ తాళము వేయవలెనో ఒక అట్టపై తెలుగులో వ్రాసి ఆ యంత్రము వద్దనే వ్రేలాడగట్టవలెను. స్విచ్చులపై యంత్రముల పేర్లు రంగుతో వ్రాయవలెను. ఏ స్విచ్చి దేనిదో పాత ఎలక్ట్రీషియనుకు మాత్రమే తెలిసియుండుట మంచిది కాదు.

రెండవది, యంత్రములో చేయి పెట్టు ప్రతి మనిషికిని అతని పేరున ఒక తాళముకప్ప ఇవ్వవలెను. ఈ తాళములను గోదాము తలుపులకు వాడరాదు. మారుచెవి పనివారి చేతికి చిక్కునట్లు ఉండరాదు.

మూడవది, తాళము వేయువాడు ఇంటికి వెళ్లిపోయినచో ఏమి చేయవలెనో ముందే నిర్ణయింపవలెను. మేనేజరు స్వయముగా వచ్చి, ఆ మనిషి మిల్లులో లేడని నిశ్చయించుకొని, యంత్రము లోపల చూచి, అతనికి కబురు చేసిన తరువాతనే ఆ తాళమును తీయించవలెను. మరునాడు అతడు పనిలోనికి దిగకముందే ఆ సంగతి చెప్పవలెను.

నాలుగవది, వంతు మారునపుడు దిగిపోవువాని తాళము తీయకముందే వచ్చువాని తాళము పడవలెను.

ఐదవది, సీజను మొదలుకు ముందు ఒక పూట పని ఆపి, హమాలీలతో సహా అందరికి ఈ ఎనిమిది మెట్లు చేసి చూపవలెను. పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన పనివారికి వారి భాషలో చెప్పించవలెను.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది: తాళము వేసినందుకు పని ఆలస్యమైనదని ఎవరినీ మందలింపరాదు. బస్తాకింత అని కూలి కట్టు చోట యంత్రము ఆగినంతసేపు పనివాని కూలి పోవును. అట్టి చోట అతడు తాళము వేయక తొందరపడుట సహజము. ఆగిన కాలమునకు కూడ కూలి కట్టి ఇచ్చినచో అతడు తాళము మరువడు. మేనేజరు కూడ తాను చేయి పెట్టునపుడు తన తాళము వేయవలెను. అతడు మానిన రోజున మిల్లులో అందరును మానుదురు.

కొందరి సందేహములు

"సీజనులో ఇంత తీరిక ఎక్కడిది?" అని కొందరు అడుగుదురు. ఫ్యూజులు తీసి తాళము వేయుటకు కొద్ది నిమిషములు చాలును. ప్రమాదము జరిగిననాడు యంత్రము ఆ పూటంతయు ఆగును. ఆ చేతి పని జన్మమంతయు ఆగును.

"మా వాడు ఇరువది ఏండ్లుగా చేయుచున్నాడు, వానికి నేర్పవలెనా?" అని మరికొందరు అందురు. నా కథలోని పనివాడును అనుభవము గలవాడే. స్విచ్చి వేసిన నేను చదువుకొన్నవాడను. అతని అనుభవము గాని, నా చదువు గాని ఆ రెండు వ్రేళ్లను కాపాడలేదు.

"యంత్రమునకు కప్పులున్నవి గదా?" అని అడుగువారును కలరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తిరుగు భాగములకు కప్పులు ఉండవలెనని విధించినది. నూర్పిడి యంత్రముల సంగతి చూచి 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేసినది. ఆ చట్టము పేరు పెట్టి చెప్పిన యంత్రము పవర్ త్రెషరే. కప్పు అవసరమే. కాని అది నడుచు యంత్రమునుండి కాపాడును. కప్పు విప్పి లోపల పనిచేయు మనిషికి తాళమే దిక్కు. అమెరికాలో 1989లో ఈ తాళపు పద్ధతిని ఫ్యాక్టరీలకు నియమముగా చేసిరి. వ్యవసాయ పనులను ఆ నియమములో చేర్చలేదు. చట్టము చేర్చినను, చేర్చకున్నను మన పొలములో మన పనివాని చేతికి కావలసిన రక్షణ అదే.

రైతు సోదరులారా! వచ్చే కోతలకు ముందు ఒక సాయంత్రము మీ యంత్రముల చుట్టు ఒకసారి తిరిగి చూడుడు. ప్రతిదాని వద్దను నిలిచి, "దీనిలో నా కొడుకు చేయి పెట్టినచో, ఇది కదలకుండ పట్టియుంచునది ఏది?" అని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. జవాబు దొరకని చోట ఒక తాళముకప్ప కొని వ్రేలాడగట్టుడు. మన కొరకు యంత్రముపై పనిచేయువాడును ఒకరి కొడుకే. ఉదయము రెండు చేతులతో పనికి వచ్చినవానిని సాయంకాలము రెండు చేతులతో ఇంటికి పంపుట మన బాధ్యత.